తల్లికో తండ్రికో ముదిరిన క్యాన్సర్: 'ఇంకా సమయం ఉంది' అన్న లెక్క ఎందుకు తప్పుతుంది

సంక్షిప్తంగా: ముదిరిన క్యాన్సర్‌లో రోగి నెలల తరబడి దాదాపు మామూలుగానే తిరుగుతూ, చివరి కొద్ది వారాల్లో వేగంగా దిగజారడం ఎక్కువగా కనిపిస్తుంది. బలమైన నొప్పి మందులు, ఉపశమన చికిత్స (బాధను తగ్గించే పాలియేటివ్ వైద్యం), మనసు విప్పి మాట్లాడుకోవడం, కుటుంబ నిర్ణయాలు అన్నిటినీ 'ఆఖరి దశకు' వాయిదా వేసుకున్నవారికి ఆ దశలో వాటికి వ్యవధి దొరకదు. ఈ ఆలస్యం ఎలా జరుగుతుందో, దాని భారం రోగి మీదా పిల్లల మీదా ఎలా పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

'మొన్నటిదాకా బాగానే ఉన్నారు కదా'

క్యాన్సర్‌తో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారి నోట తరచూ వినిపించే మాట ఇది. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. జబ్బు నడక నిజంగానే అలా ఉంటుంది.

ప్రాణాంతక వ్యాధుల్లో మనిషి క్షీణించే తీరును వైద్యులు స్థూలంగా మూడు రకాలుగా విభజిస్తారు. గుండె వైఫల్యం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు వంటివాటిలో రోగి ఒక్కసారిగా విషమ స్థితికి వెళ్లి, ఆసుపత్రిలో కోలుకుని ఇంటికి వస్తారు. అయితే ప్రతిసారీ మునుపటి కంటే కాస్త తక్కువ శక్తితో వస్తారు. మతిమరుపు వ్యాధిలో ఏళ్ల తరబడి సన్నగా, నెమ్మదిగా తగ్గుదల సాగుతుంది. క్యాన్సర్ ఈ రెండింటికీ భిన్నం. రోగి శక్తిని ఒక గీతగా గీస్తే, అది చాలాకాలం దాదాపు సమంగా నడిచి, చివర్లో నిట్టనిలువుగా పడిపోతుంది.

దీనికి కారణం శరీరం దాచుకున్న మిగులు సామర్థ్యం. కాలేయంలో చాలా భాగం దెబ్బతిన్నా మిగిలిన భాగం ఆ పనిని లాక్కొస్తుంది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కూడా అంతే. మిగులు ఉన్నంతవరకు లోపల జరిగే నష్టం బయటికి పెద్దగా తెలియదు. అది అయిపోయిన నాడు, కొద్దిపాటి అదనపు నష్టం కూడా మనిషిని మంచాన పడేస్తుంది. దీనికి చికిత్స స్వభావం తోడవుతుంది. మందుకు లొంగే కణాలు చనిపోతుంటే, లొంగని కొన్ని కణాలు మిగిలి, ఖాళీ అయిన చోటును ఆక్రమిస్తాయి. నెలల తరబడి స్కాన్లలో అదుపులో ఉన్న గడ్డ ఒక స్కాన్‌లో హఠాత్తుగా పెరిగినట్టు కనిపించడం వెనుక ఉన్నది ఇదే. ఆ తర్వాత ఆకలి తగ్గడం, కండ కరగడం, ఇన్ఫెక్షన్, మంచాన పడడం ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి.

అందుకే స్కాన్ రిపోర్టులో సెంటీమీటర్ల కంటే రోగి దినచర్య ఎక్కువ విషయం చెబుతుంది. ఆంకాలజిస్టులు, అంటే క్యాన్సర్ వైద్యులు, వాడే 0 నుంచి 4 వరకు ఉండే ఒక కొలమానం సరిగ్గా దీన్నే చూస్తుంది. ఏ ఇబ్బందీ లేకుండా పనులు చేసుకుంటే 0. మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచానికో కుర్చీకో పరిమితమైతే 3. పూర్తిగా మంచాన పడితే 4. ఈ అంకె 3కో 4కో చేరిన రోగికి కీమోథెరపీ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరిగే అవకాశం ఉంటుంది. ఉపశమన వైద్యులు ఇంకో మోటు లెక్క కూడా చెబుతారు: మార్పు నెల నెలకూ కనిపిస్తుంటే మిగిలిన కాలాన్ని నెలల్లో, వారం వారం కనిపిస్తుంటే వారాల్లో, రోజు రోజుకూ కనిపిస్తుంటే రోజుల్లో ఊహించుకోవాలి. ఇది కచ్చితమైన సూత్రం కాకపోయినా, సెలవు ఎప్పుడు పెట్టాలో, దూరాన ఉన్న తోబుట్టువులను ఎప్పుడు పిలవాలో తేల్చుకోలేని పిల్లలకు ఇంతకంటే పనికొచ్చే కొలత అరుదు.

'ఎంత కాలం?' అన్న ప్రశ్న, దానికొచ్చే జవాబు

నాలుగో దశ అంటే క్యాన్సర్ పుట్టిన చోటు దాటి దూరపు అవయవాలకు పాకిందని అర్థం. జబ్బు ఎక్కడిదాకా వెళ్లిందో ఆ మాట చెబుతుంది గాని, ఎంత కాలం మిగిలిందో చెప్పదు. ఎముకలకు మాత్రమే పాకిన ప్రొస్టేట్ లేదా రొమ్ము క్యాన్సర్‌తో ఏళ్ల తరబడి జీవించేవారు ఉన్నారు. క్లోమ గ్రంథి (ప్యాంక్రియాస్) క్యాన్సర్‌లో అదే నాలుగో దశ చాలామందికి నెలల వ్యవధే ఇస్తుంది.

ఇక వైద్యులు చెప్పే 'సగటు' కాలం చాలాసార్లు సగటు కాదు, మధ్యస్థం. మధ్యస్థం 8 నెలలు అంటే రోగుల్లో సగం మంది అంతకు ముందే, సగం మంది ఆ తర్వాత మరణించారని. ఆ తర్వాతి సగంలో కొందరు చాలా దూరం వెళతారు. అమెరికన్ శిలాజ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో పొత్తికడుపు మెసోథీలియోమా (లోపలి పొరకు వచ్చే క్యాన్సర్) ఉన్నట్టు తేలింది. అప్పట్లో ఆ జబ్బుకు మధ్యస్థ కాలం 8 నెలలే. ఆయన మరో 20 ఏళ్లు జీవించి 2002లో వేరే క్యాన్సర్‌తో మరణించారు. ఈ ఉదాహరణను కుటుంబాలు ఊతకర్రలా పట్టుకుంటాయి, పట్టుకోవడం తప్పు కూడా కాదు. కానీ గణితంలో తోక, అంటే మధ్యస్థాన్ని దాటి చాలా దూరం వెళ్లే ఆ కొద్దిమంది, ఉన్నంత మాత్రాన ప్రతి రోగీ ఆ తోకలోనే ఉంటారని కాదు. పొడుగు కాలానికి ఆశ పెట్టుకుంటూనే పొట్టి కాలానికి సిద్ధపడడం సాధ్యమే. చాలామంది రోగులు ఆ రెండు పనులూ ఏకకాలంలో చేస్తుంటారు, పిల్లలే చేయలేకపోతారు.

వైద్యుల అంచనాలు ఏ వైపు తప్పుతాయో కూడా తెలిసిన విషయమే. నికొలస్ క్రిస్టాకిస్, ఎలిజబెత్ లామాంట్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మరణానికి చేరువైన 468 మంది రోగుల విషయంలో వైద్యులు ముందుగా వేసిన అంచనాలను అసలు జరిగినదానితో పోల్చారు. దాదాపు 20 శాతం అంచనాలే సరైనవి. 63 శాతం అతి ఆశావహంగా ఉన్నాయి. మొత్తం మీద వాస్తవానికి ఐదు రెట్లకు పైగా ఎక్కువ కాలం ఊహించారు. వైద్యుడికి రోగితో పరిచయం పెరిగేకొద్దీ అంచనా మరింత తప్పడం ఇందులో గమనించాల్సిన సంగతి. ఇష్టమైన మనిషి గురించి చెడు ఊహించడం తెల్లకోటు వేసుకున్నవారికీ కష్టమే.

మాటల్లో కూడా తిరకాసు ఉంది. 'చికిత్సకు స్పందించింది' అని ఆంకాలజిస్టు అంటే గడ్డ పరిమాణం తగ్గిందని అర్థం. ఇంట్లోవాళ్లు దాన్ని 'నయమవుతోంది' అని అనువదించుకుంటారు. 2012లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, వ్యాపించిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవారిలో 69 శాతం మంది, పెద్దపేగు క్యాన్సర్‌కు తీసుకుంటున్నవారిలో 81 శాతం మంది ఆ చికిత్సతో జబ్బు నయమయ్యే అవకాశం దాదాపు లేదన్న సంగతి గ్రహించలేదని తేలింది. అందుకే 'ఎంత కాలం' అని అడిగి జవాబు కోసం ఊపిరి బిగబట్టడం కంటే మరో రకం ప్రశ్నలు ఎక్కువ ఫలితమిస్తాయి. ఈ చికిత్స ఉద్దేశం నయం చేయడమా, అదుపు చేయడమా, బాధ తగ్గించడమా? పనిచేస్తోందని ఎప్పటికి, ఎలా తెలుస్తుంది? చేయకపోతే తర్వాత ఏమిటి? వీటికి వైద్యుడు నీళ్లు నమలడం కష్టం.

అందరికీ తెలిసి, ఎవరూ అనని మాట

రోగికి నిజం చెప్పవద్దని పిల్లలు వైద్యుణ్ని బతిమాలడం ప్రపంచంలో చాలా చోట్ల జరిగేదే. 'తెలిస్తే తట్టుకోలేరు' అన్నది వాళ్ల వాదన. దీని వెనుక ప్రేమ ఎంత ఉందో, ఆ కన్నీళ్లను ఎదురుగా చూడలేని భయం కూడా అంతే ఉంటుంది.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రౌస్ 1960ల్లో ఆసుపత్రుల్లో మరణిస్తున్న రోగుల చుట్టూ జరిగే సంభాషణలను గమనించి, నాలుగు స్థితులను గుర్తించారు. మొదటిది, రోగికి ఏమీ తెలియకపోవడం. రెండోది, అనుమానం మొదలై కూపీ లాగడం. మూడోది, ఇద్దరికీ తెలిసి ఇద్దరూ తెలియనట్టు నటించడం. నాలుగోది, బాహాటంగా మాట్లాడుకోవడం. వీటిలో మొదటి స్థితి ఎక్కువ రోజులు నిలవదు. బరువు తగ్గుతోంది, గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, ఎన్నడూ రాని బంధువులు వచ్చి పోతున్నారు. జీవితమంతా మనుషులను చదివిన పెద్దవారికి ఇంత స్పష్టమైన సూచనలు అర్థం కాకుండా ఉండవు. కాబట్టి దాపరికం సాధారణంగా మూడో స్థితికే, అంటే పరస్పర నటనకే దారితీస్తుంది. పిల్లలు తల్లిదండ్రులను కాపాడుతున్నామనుకుంటారు, తల్లిదండ్రులు పిల్లలను కాపాడుతున్నామనుకుంటారు. ఈ దాగుడుమూతల్లో ఇరువైపులా ఒంటరితనమే మిగులుతుంది.

దీని ఖరీదు నొప్పి రూపంలో కూడా చెల్లించాల్సి వస్తుంది. ఏమీ లేనట్టు నటించే రోగి నొప్పిని కూడా తక్కువ చేసి చెబుతారు. 'బాగా నొప్పిగా ఉంది' అని ఒప్పుకుంటే జబ్బు ముదిరిందని ఒప్పుకున్నట్టే కదా. పైగా కాగితాలు, అప్పులు, ఆస్తులు, ఎవరి మీద ఏ బాధ్యత ఉంచాలనుకుంటున్నారు, వెంటిలేటర్ మీద ఉండడానికి ఇష్టమా కాదా వంటివి రోగి మాత్రమే చెప్పగలిగే విషయాలు. స్పృహ మసకబారాక అడిగినా లాభం లేదు.

ఇంతమాత్రాన ప్రతి రోగికీ ప్రతి వివరమూ కుమ్మరించాలని కాదు. కొందరికి నిజంగానే అంకెలు అక్కర్లేదు. చెడు కబురు చెప్పడంలో శిక్షణ పొందిన వైద్యులు విషయంలోకి దిగే ముందు రెండు మాటలు అడుగుతారు: జబ్బు గురించి ఇప్పటివరకు మీకు ఏం తెలుసు, ఇంకా ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు అని. వినాలా వద్దా అనేది రోగి చేతిలో ఉంచే పద్ధతి ఇది. పిల్లలు కూడా ఇదే దారి పట్టవచ్చు. 'డాక్టరుగారు చెప్పింది విన్నాక మీకేమనిపించింది?' అని అడిగి, ఆ తర్వాత వచ్చే మౌనాన్ని తొందరపడి నింపకుండా ఉంటే చాలాసార్లు జవాబు దానంతట అదే వస్తుంది.

నొప్పి: తప్పనిది ఎంత, తప్పించగలిగింది ఎంత

క్యాన్సర్ అంటే నొప్పి తప్పదన్న నమ్మకమే ఆ నొప్పికి చికిత్స అందకపోవడానికి ఒక ప్రధాన కారణం. నిజానికి క్యాన్సర్ నొప్పి అంతా ఒకటే నొప్పి కాదు. ఎముకకు పాకిన క్యాన్సర్ కదిలినప్పుడల్లా సూదిగా, లోతుగా బాధిస్తుంది. నరాలను నొక్కే గడ్డ మంటలా, కరెంటు షాకులా తగులుతుంది. కాలేయం ఉబ్బితే పక్కటెముకల కింద ఎడతెగని బరువు. పేగుకు అడ్డం పడితే మెలిపెట్టే నొప్పి. ఒకే మనిషికి రెండు మూడు రకాలు కలిసి ఉండడం మామూలే. ఒక్కోదానికి మందు వేరు. నరాల నొప్పికి గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి పనిచేస్తాయి. గడ్డ చుట్టూ వాపు తగ్గించడానికి స్టెరాయిడ్లు ఇస్తారు. ఎముక నొప్పికి ఒక్కసారి ఇచ్చే 8 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం) రేడియేషన్ కూడా, చాలా విడతలుగా ఇచ్చినంత ఉపశమనం ఇవ్వగలదని అనేక పరీక్షల్లో రుజువైంది. కాకపోతే దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, కొందరికి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. క్లోమ గ్రంథి క్యాన్సర్‌లో పొట్ట వెనుక ఉండే నరాల గుచ్ఛానికి ఇంజెక్షన్‌తో నొప్పి సంకేతాలను ఆపే పద్ధతి ఉంది. కాబట్టి 'నొప్పిగా ఉంది' అని ఊరుకోకుండా ఎక్కడ, ఎలాంటిది, ఏం చేస్తే పెరుగుతోంది, రాత్రి నిద్ర లేపుతోందా అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లడం వైద్యుడికి సగం పని తగ్గిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మూడు మెట్ల పద్ధతిని ప్రకటించింది. మొదటి మెట్టు పారాసెటమాల్ వంటి సాధారణ మందులు, రెండోది బలహీనమైన ఓపియాయిడ్లు (మార్ఫిన్ కోవకు చెందిన నొప్పి మందులు), మూడోది మార్ఫిన్ వంటి బలమైనవి. తర్వాతి కాలంలో ఈ మెట్లు మార్గదర్శకం మాత్రమేనని, తీవ్రమైన నొప్పితో వచ్చిన రోగిని కింది మెట్టు నుంచి ఒక్కొక్కటిగా ఎక్కించనక్కర్లేదని వైద్యుల అవగాహన మారింది. అందులో నిలిచిన అసలు సూత్రం 'గడియారం ప్రకారం' అన్నది. నోటి ద్వారా తీసుకునే మామూలు మార్ఫిన్ ప్రభావం దాదాపు 4 గంటలు ఉంటుంది, నెమ్మదిగా కరిగే మాత్రది 12 గంటలు. నొప్పి వచ్చాక మందు వేస్తే, అది పనిచేసే లోపు నొప్పి శిఖరానికి చేరుతుంది. అప్పుడు దాన్ని అణచడానికి ఎక్కువ మోతాదు కావాలి. దాంతో మగత ఎక్కువవుతుంది. మగత చూసి ఇంట్లోవాళ్లు తర్వాతి మోతాదు ఎగ్గొడతారు. నొప్పి మళ్లీ లేస్తుంది. ఈ చక్రాన్ని ఆపడానికే నొప్పి ఉన్నా లేకపోయినా వేళకు మందు వేయడం, మధ్యలో పొడుచుకొచ్చే నొప్పికి వేరుగా చిన్న అదనపు మోతాదు దగ్గర ఉంచుకోవడం. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను (మరణానికి చేరువైనవారిని చూసుకునే కేంద్రాన్ని) ప్రారంభించిన వైద్యురాలు సిసిలీ సాండర్స్ పట్టుబట్టింది ఈ విషయం మీదే. రోగి నొప్పి భరించి మందును 'సంపాదించుకోవాల్సిన' పరిస్థితి ఉండకూడదన్నది ఆమె వాదనలోని సారం.

మార్ఫిన్ పేరు వినగానే పుట్టే భయాలు మూడు. అలవాటు పడిపోతారేమో అన్నది మొదటిది. రోజుల తరబడి వాడితే శరీరం మందుకు అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మానేస్తే వణుకు, చెమటలు వస్తాయి, నిజమే. దాన్ని శారీరక ఆధారపడటం అంటారు. హాని జరుగుతున్నా మందు కోసం వెంపర్లాడే వ్యసనం వేరు. గతంలో మత్తు పదార్థాల సమస్య ఉన్నవారి విషయంలో జాగ్రత్త అవసరమే గాని, ముదిరిన క్యాన్సర్ నొప్పికి సరైన పర్యవేక్షణలో వాడేవారిలో వ్యసనం ముఖ్య సమస్య కాదు. రెండో భయం, ఇప్పుడే వాడేస్తే చివర్లో పనిచేయదని. మార్ఫిన్‌కు పారాసెటమాల్‌కు ఉన్నట్టు స్థిరమైన గరిష్ఠ మోతాదు లేదు. అవసరాన్ని బట్టి, దుష్ప్రభావాలను చూసుకుంటూ పెంచవచ్చు, వేరే ఓపియాయిడ్‌కు మార్చవచ్చు. మోతాదు పెంచాల్సి రావడానికి చాలాసార్లు కారణం జబ్బు పెరగడం. మూడోది, శ్వాస ఆగిపోతుందని, అంటే మందుతో తొందరగా పంపించేసినట్టవుతుందని. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచినప్పుడు శరీరం ఆ ప్రభావానికి త్వరగానే అలవాటు పడుతుంది. ప్రమాదం ఎక్కడ వస్తుందంటే, మోతాదు ఒక్కసారిగా పెంచినప్పుడు, మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు, నిద్రమాత్రలతో కలిపినప్పుడు.

వీటన్నిటి నడుమ ఎవరూ పెద్దగా పట్టించుకోనిది మలబద్ధకం. మార్ఫిన్ వల్ల వచ్చే వికారం, మగత చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు. అందుకే మార్ఫిన్ రాసిన చీటీలోనే విరేచనం సాఫీ చేసే మందు కూడా ఉండాలి, లేకపోతే అడగాలి. ఫెంటానిల్ పట్టీలు వాడుతుంటే మరో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పట్టీ వేసిన వెంటనే పనిచేయదు, 12 నుంచి 24 గంటలు పడుతుంది. దాని మీద వేడి కాపడం పెడితే మందు ప్రమాదకరమైన వేగంతో ఒంట్లోకి వెళుతుంది.

మందులన్నీ సరిగ్గా ఉన్నా తగ్గని నొప్పి కూడా ఉంటుంది. సాండర్స్ దీనికి 'సంపూర్ణ వేదన' అనే భావనను ప్రతిపాదించారు. శరీరపు నొప్పి, భయం, కుటుంబం ఏమవుతుందోనన్న దిగులు, జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్న ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే బాధగా బయటికి వస్తాయని. రాత్రివేళ, ఒంటరిగా ఉన్నప్పుడు నొప్పి పెరగడానికి ఇదీ ఒక వివరణ. పక్కన మనిషి కూర్చుంటే మందు అవసరం పోదు. కానీ అదే మందు కాస్త మెరుగ్గా పనిచేసినట్టు కనిపించడం మాత్రం ఊహ కాదు.

ఉపశమన చికిత్స అంటే చేతులెత్తేయడమా?

ఈ అపార్థమే ఆలస్యానికి కేంద్రం. 'పాలియేటివ్' అన్న మాట వినగానే 'ఇక చేసేదేమీ లేదు' అన్నట్టు కుటుంబాలు కుంగిపోతాయి. కొందరు వైద్యులు కూడా ఆ మాటను చివరి క్షణం దాకా దాచి ఉంచుతారు. మరణానికి దగ్గరలో ఇచ్చే హాస్పీస్ సంరక్షణ ఉపశమన చికిత్సలో ఒక భాగం మాత్రమే. మిగిలినదంతా కీమో, రేడియేషన్లతో పాటే నడవవచ్చు.

నడిస్తే ఏమవుతుందో 2010లో జెన్నిఫర్ టెమెల్ బృందం చేసిన అధ్యయనం చూపించింది. వ్యాపించిన ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నట్టు కొత్తగా తేలిన 151 మందిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు మామూలు క్యాన్సర్ చికిత్స, మరో జట్టుకు దానితో పాటు మొదటినుంచే ఉపశమన చికిత్స. రెండో జట్టులో జీవన నాణ్యత మెరుగ్గా ఉంది, కుంగుబాటు తక్కువగా ఉంది, చివరి దినాల్లో తీవ్రమైన చికిత్సలు తక్కువయ్యాయి. అయినా వాళ్ల మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు, మొదటి జట్టుది 8.9 నెలలు. జీవితకాలం పెరగడం తర్వాతి అధ్యయనాలన్నిటిలోనూ కనిపించలేదు కాబట్టి దాన్ని హామీగా తీసుకోకూడదు. కానీ ఉపశమన చికిత్స ఆయుష్షును తగ్గిస్తుందన్న భయానికి మాత్రం ఆధారం దొరకలేదు.

తినకపోవడం వల్ల చనిపోతున్నారా?

పిల్లలను నొప్పి తర్వాత అంతగా కలవరపెట్టేది తిండి. బతిమాలి తినిపించడం, తినకపోతే కోప్పడడం, ఆ తర్వాత కుమిలిపోవడం రోజువారీ తంతు అవుతుంది. ముదిరిన క్యాన్సర్‌లో గడ్డ, దానికి ఎదురుగా స్పందించే రోగ నిరోధక వ్యవస్థ విడుదల చేసే రసాయనాలు ఆకలిని అణిచేస్తాయి, కండను కరిగిస్తాయి. ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గడాన్ని దీనికి గుర్తుగా తీసుకుంటారు. ఇది పస్తు ఉన్నప్పుడు వచ్చే చిక్కుదల లాంటిది కాదు. పస్తున్న మనిషికి తిండి పెడితే కోలుకుంటాడు. ఇక్కడ ఎంత పోషకాహారం పంపినా కండ తిరిగి పట్టదు. జబ్బు తొలి దశల్లో పోషణ మీద శ్రద్ధ చాలా ముఖ్యం. చివరి వారాల్లో మాత్రం గొట్టాలతో, సెలైన్లతో పంపే ద్రవం కాళ్లలో వాపుగా, ఊపిరితిత్తుల్లో తేమగా చేరి బాధ పెంచవచ్చు. తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు, జబ్బు ముదరడం వల్ల తినలేకపోతున్నారు. ఈ వరుస అర్థమైన ఇళ్లలో భోజనవేళ యుద్ధాలు కాస్త సద్దుమణుగుతాయి.

మనిషి మారిపోయినట్టు అనిపించినప్పుడు

ఉన్నట్టుండి తల్లి కన్నబిడ్డను గుర్తుపట్టకపోవడం, సౌమ్యుడైన తండ్రి తిట్టడం, లేనివాళ్లతో మాట్లాడడం, లేదా రోజంతా మూసిన కన్ను తెరవకపోవడం. చివరి రోజుల్లో చాలామందిలో కనిపించే ఈ స్థితిని డెలిరియం అంటారు. దీన్ని 'ఇక అంతే' అని వెంటనే తీసేయకూడదు. ఇన్ఫెక్షన్, రక్తంలో కాల్షియం పెరగడం, మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటి సరిచేయదగిన కారణాలు ఉండవచ్చు. ఇలాగే, వెన్నునొప్పితో పాటు కాళ్లు బలహీనపడడం, మూత్రం మీద అదుపు తప్పడం వెన్నుపాము నొక్కుకుపోతోందనడానికి సూచన కావచ్చు. అది గంటల్లో చూడాల్సిన అత్యవసరం. ఆలస్యమైతే నడక తిరిగి రాదు.

తిట్టిన మాటల సంగతి వేరే చెప్పాలి. డెలిరియంలో అన్న మాటలు మెదడు తడబాటు నుంచి వచ్చినవి. ఏళ్ల తరబడి దాచుకున్న అసలు అభిప్రాయాలు బయటపడ్డాయనుకుని మోసుకు తిరిగే పిల్లలు తమకు తాము అన్యాయం చేసుకుంటున్నట్టే.

పిల్లల వైపు నుంచి

బతికుండగానే మొదలయ్యే దుఃఖం ఒకటి ఉంది. 1944లో మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ ఈ ముందస్తు దుఃఖాన్ని గురించి రాశారు. తల్లి ఎదురుగానే ఉంటుంది, కాని ఇల్లు నడిపిన ఆ తల్లి అప్పటికే లేదు. ఏడవడానికి ఇంకా వేళ కాలేదనిపిస్తుంది, ఏడవకుండా ఉండడమూ సాధ్యం కాదు. ఇక 1969లో మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ చెప్పిన ఐదు దశలు (నిరాకరణ, కోపం, బేరమాడడం, కుంగుబాటు, అంగీకారం) జనం నోళ్లలో బాగా నానాయి. అవి మరణానికి చేరువైన రోగులతో జరిపిన సంభాషణల నుంచి వచ్చినవి. అందరూ అదే వరుసలో నడుస్తారనడానికి తర్వాతి పరిశోధన మద్దతు ఇవ్వలేదు. 'నాకు కోపం రాలేదు, నాలో ఏదో లోపముంది' అని ఎవరూ బెంగపడనక్కర్లేదు.

ఎక్కువమంది దాచుకునే భావన మరొకటి: 'ఇది త్వరగా అయిపోతే బాగుండు' అనే కోరిక, దాని వెంటనే గుచ్చే అపరాధభావం. నెలల తరబడి నిద్రలేక, నొప్పితో మూలిగే మనిషి పక్కన గడిపినవారికి ఈ ఆలోచన రావడం సర్వసాధారణం. అది మనిషి పోవాలన్న కోరిక కాదు, బాధ ఆగాలన్న కోరిక. ఆ స్థితిలో రెండింటికీ ఒకటే దారి కనిపించడం వల్ల కలిగే తికమక అది.

తోబుట్టువుల మధ్య తగాదాలకు కూడా ఒక యంత్రాంగం ఉంది. దగ్గర ఉన్న బిడ్డ క్షీణతను రోజూ చూస్తూ మెల్లగా దానికి సిద్ధపడుతూ వస్తారు. దూరాన ఉన్న బిడ్డ మనసులో తండ్రి కిందటిసారి చూసినప్పటి తండ్రే. అతను విమానం దిగి వచ్చి 'ఐసీయూలో ఎందుకు పెట్టలేదు, వేరే డాక్టరుకు ఎందుకు చూపించలేదు' అని నిలదీస్తాడు. అమెరికన్ వైద్యులు దీనికి 'కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు' అని పేరు పెట్టారు. 1991లో ఒక వైద్య పత్రికలో వ్యాసం శీర్షికకు కూడా ఎక్కింది. కాలిఫోర్నియా వైద్యులు మాత్రం ఆమె న్యూయార్క్ నుంచి వచ్చిందంటారట. హాస్యం అటుంచితే, ఆ నిలదీత వెనుక ఉన్నది చాలావరకు దగ్గర లేకపోయానన్న బాధ. ఇలాంటివారిని మొదటినుంచి వైద్యుడితో ఫోనులోనైనా కలపడం చివరి వారంలో జరిగే గొడవను చాలావరకు తగ్గిస్తుంది.

అందరి చూపూ జబ్బుపడ్డ మనిషి మీదే ఉన్నప్పుడు కనబడకుండా పోయే వ్యక్తి ఇంట్లోనే ఇంకొకరు ఉంటారు. జబ్బుపడ్డవారి జీవిత భాగస్వామి, అంటే తల్లిదండ్రుల్లో మిగిలినవారు. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, జీవిత భాగస్వామికి సేవ చేస్తూ తీవ్ర ఒత్తిడికి గురైన వృద్ధుల్లో నాలుగేళ్లలో మరణ ప్రమాదం, అలాంటి బాధ్యత లేనివారి కంటే 63 శాతం ఎక్కువగా కనిపించింది. తమ మందులు మరచిపోవడం, నిద్ర లేకపోవడం, తమ ఒంట్లో నలతను పైకి చెప్పకపోవడం ఇందులో భాగం. బాధ్యతలు పంచుకునేటప్పుడు ఆ రెండో మనిషి రక్తపోటు ఎవరు చూస్తున్నారన్నది కూడా లెక్కలోకి రావాలి.

చివరి గంటలు

ఏం జరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల చాలా కుటుంబాలు చివరి గంటల్లో భయపడి అంబులెన్సు పిలుస్తాయి. చేతులూ కాళ్లూ చల్లబడతాయి, చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది. శ్వాస కాసేపు వేగంగా, లోతుగా సాగి, మెల్లగా తగ్గి, కొన్ని క్షణాలు పూర్తిగా ఆగి మళ్లీ మొదలవుతుంది. 1818లో జాన్ చేన్, 1854లో విలియమ్ స్టోక్స్ వర్ణించిన ఈ తీరుకు వాళ్ల పేర్లే ఉన్నాయి. గొంతులో చేరిన తేమను మింగే శక్తి లేక గురగురమనే శబ్దం వస్తుంది. వినేవారికి అది ఊపిరాడక పడే యాతనలా అనిపిస్తుంది, కానీ అప్పటికి స్పృహ కోల్పోయిన రోగికి దానివల్ల బాధ తెలుస్తుందనడానికి ఆధారాలు లేవు. పక్కకు తిప్పి పడుకోబెడితే శబ్దం కొంత తగ్గుతుంది. నోరు తడిగా ఉంచడం నీళ్లు తాగించడం కంటే మేలు, ఎందుకంటే మింగలేని మనిషికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముదిరిన క్యాన్సర్‌తో ఈ దశకు చేరిన శరీరంలో గుండె ఆగాక ఛాతీ నొక్కి తిరిగి కొట్టించే ప్రయత్నం దాదాపు ఎప్పుడూ ఫలించదు. పక్కటెముకలు మాత్రం విరగవచ్చు. ఆ ప్రయత్నం కావాలా వద్దా అన్నది ముందే తేల్చుకుని, వద్దనుకుంటే వైద్యుడి చేత రాయించి ఉంచుకోవాలనేది ఇందుకే.

స్పృహలో లేని మనిషికి మాట వినబడుతుందా అన్నది మంచం చుట్టూ ఉన్నవారంతా అడిగేదే. కెనడాలో ఒక హాస్పీస్‌లోని రోగుల మీద జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో, పిలిస్తే పలకని స్థితికి చేరిన కొందరి మెదళ్లు శబ్దంలోని మార్పులకు ఆరోగ్యవంతుల మెదళ్లలాగే స్పందించాయి. ఆ మాటలు వాళ్లకు అర్థమయ్యాయా, ఎవరి గొంతో గుర్తుపట్టారా అన్నది మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసిన ఆ గీతలు చెప్పలేకపోయాయి. అనుభవమున్న నర్సులు ఈ రుజువు కోసం ఎదురుచూడలేదు. పక్కకు తిప్పేటప్పుడు, నోరు తుడిచేటప్పుడు, దుప్పటి మార్చేటప్పుడు, ఇప్పుడు ఏం చేయబోతున్నారో రోగిని పేరు పెట్టి పిలిచి మరీ చెబుతారు.